ఎడమ చక్రం కటకట

1వ తేదీ

గౌరవనీయులైన మామగారికి,
మీ అల్లుడు దూరం నుంచే రెండు చేతులూ జోడించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మీ అమ్మాయీ బాగానే ఉన్నాం. మీరిచ్చిన ఆకుపచ్చ కారు మాత్రం బాగాలేదు.

ముందు ఈ ఉత్తరం ఎందుకో చెప్పాలి. కిందటి ఆదివారం మనిద్దరం కారు గురించి ఫోన్లో మాట్లాడుకున్న తీరుకి పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, "ఎవరైనా పోయారా అండీ?" అని అడిగాడు. మీ అమ్మాయి లెక్కల టీచరు కదా, బళ్ళో అల్లరి పిల్లలకి వేసే శిక్షే మనకీ వేసింది. "ఇకమీదట కారు సంగతి మీరూ నాన్నా ఫోన్లో ఎత్తడానికి వీల్లేదు. ఏం చెప్పుకోవాలన్నా కాగితం మీద రాసుకోండి. అప్పుడైనా ఒకరు చెప్పేది ఇంకొకరు చివరిదాకా వింటారు" అంది. తను చదివాకే కవరు అంటిస్తుందట.

సంగతేమిటంటే, కారు కుడివైపు తిప్పినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర కటకటమంటోంది. వంగి చూశాను. ఇంజను బలాన్ని చక్రానికి అందించే ఇనుప కడ్డీ ఉంటుంది కదా, డ్రైవ్‌షాఫ్టు, దాని చివరి జాయింటు మీద ఉండే రబ్బరు తొడుగు చిరిగిపోయింది. లోపలుండాల్సిన గ్రీజంతా బయట చక్రానికి పూసుకుని ఉంది.

ఇరవై ఎనిమిదిన ఇక్కడి ఆస్పత్రిలో అత్తగారి కంటి ఆపరేషన్. నాలుగు నెలలు తిరిగితే దొరికిన తేదీ. బస్సెక్కితే మూడో మలుపుకే ఆవిడకి కడుపులో తిప్పుతుంది. ఈ కారు ముందు సీట్లో అయితే హాయిగా గురకపెడుతూ వస్తారు. అందుకని ఇరవై ఏడున నేనొచ్చి ఆవిణ్ణి తీసుకురావాలి. దానికి కారు నడవాలి. వర్క్‌షాపులో ఇద్దామనుకుంటున్నాను. మీ అనుమతి కావాలి.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. చప్పుడు చక్రం ఒక చుట్టు తిరిగితే ఆరుసార్లు వస్తోంది. నెమ్మదిగా నడిపించి, వాచీ పెట్టుకుని మరీ లెక్కపెట్టాను.

(ఎర్ర సిరాతో: చదివాను. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. పదికి ఏడు. — మీ అమ్మాయి)


3వ తేదీ

గడియారాల డాక్టరుకి,
ఆశీర్వదించాలా వద్దా అని ఆలోచిస్తూ మామ రాసేది.

వర్క్‌షాపా! ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఇరవై ఆరేళ్ళు కన్నబిడ్డలా చూసుకున్న కారు అది. పేరూ ఊరూ తెలియనివాడి చేతికి ఏనాడూ ఇవ్వలేదు. డాక్టరు నన్ను నడపొద్దన్నాడు కాబట్టి నీ చేతిలో పెట్టానుగానీ, లేకపోతే నువ్వు దాన్ని కిటికీలోంచి చూసి మురిసిపోవాల్సిందే. దాన్ని వర్క్‌షాపు గేటు దాటించావో, మరుసటి రోజే వచ్చి తోలుకుపోతాను.

ఇంట్లోనే విప్పు. నువ్వే విప్పు. గ్యారేజీలో ముప్పై నాలుగేళ్ళున్న మామ పక్కన ఉండగా నీకేం భయం? నేను చెబుతాను, నువ్వు చెయ్యి. అయితే ఇది నీ గడియారాల ట్వీజర్లతో అయ్యే పని కాదు, ముందే చెబుతున్నాను.

షాఫ్టు తియ్యాలంటే ముందు చక్రం మధ్యలో ఉండే పెద్ద నట్టు వదులు చెయ్యాలి. అప్పుడు ఒకరు కార్లో కూర్చుని బ్రేకు తొక్కి పట్టాలి. ఇది ఆషామాషీ వ్యవహారం అనుకోకు. చెప్పులు విడిచి కూర్చోవాలి. సీటు ఒక మెట్టు ముందుకి జరపాలి. వీపు సీటుకి గట్టిగా ఆనించాలి. కింద నుంచి "తొక్కు" అని వినబడగానే కుడి కాలి బొటనవేలి కింద కండ ఉంటుంది చూడు, దాంతో తొక్కాలి. మడమతో తొక్కేవాడు మనిషే కాదు. "వదులు" అనేదాకా ఊపిరి కూడా సగం సగమే వదలాలి. తుమ్ము వస్తే ఎడమ చేత్తో ముక్కు మూసుకోవాలి, కాలు మాత్రం కదలకూడదు. చూపు అద్దంలోంచి ఎదురుగా ఒకే చోట ఉంచాలి. గోడ మీద మేకు ఉంటే శ్రేష్ఠం. మొత్తం రిపేరుకి ప్రాణం ఇక్కడే ఉంది. తొక్కడం కుదిరిందా, సగం పని అయిపోయినట్టే.

నట్టు వదిలాక కారుని జాకీతో ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, చక్రం ఊడదియ్యి. ఇక మిగిలింది షాఫ్టు తియ్యడం. అది తేలిక. తీసెయ్యి.

ఇట్లు,
గ్యారేజీలో జుట్టు నెరిసిన మామ

తా.క. మీ అత్త నిన్న తలుపు వెనక తగిలించిన నా కోటుని చూసి నేననుకుని పది నిమిషాలు తిట్టింది. కోటు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని సంతోషించింది. నేను పక్కగదిలోంచి అంతా విన్నాను. ఆపరేషన్ మాత్రం వాయిదా పడకూడదు, అల్లుడూ.


6వ తేదీ

గురుతుల్యులైన మామగారికి,
ఒళ్ళంతా నూనెతో మీ అల్లుడు రాస్తున్నది.

బ్రేకు మీరు చెప్పినట్టే తొక్కించాను. మీ అమ్మాయి చెప్పులు విడిచి, వీపు ఆనించి, ఒళ్ళో జవాబుపత్రాల కట్ట పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా గోడకి మేకు లేదు, అందుకని మొదట మేకు కొట్టాను. తొక్కడం అద్భుతంగా కుదిరింది. నట్టు మాత్రం వదల్లేదు. ఇరవై ఆరేళ్ళ తుప్పు కదా. స్పానరుకి ఇనుప గొట్టం తొడిగి, నేను దాని మీద ఎక్కి నిలబడి ఊగితే, నలభై నిమిషాలకి కిర్రుమంది. ఆలోగా మీ అమ్మాయి పన్నెండు పేపర్లు దిద్దేసింది. అందరూ తప్పారట.

ఇక మీరు రాసిన "తేలిక", "తీసెయ్యి" అనే రెండు మాటల మధ్య, మీరు రాయని సంగతులు కొన్ని ఉన్నట్టున్నాయి. చక్రాన్ని పట్టుకునుండే కింది ఇనుప చెయ్యి విప్పనిదే షాఫ్టు బయటికి రాదు. అది విప్పడానికి నాకు ఒక పూట పట్టింది. షాఫ్టు రెండో కొసని గేరుపెట్టెలోంచి లాగానో లేదో, లోపలి నూనె అంతా నా మొహం మీద పడింది. కింద పళ్ళెం పెట్టాలని తరవాత పక్కింటాయన చెప్పాడు. ఆయన పోస్టాఫీసులో గుమాస్తా.

మొత్తానికి వచ్చింది. చిరిగిన తొడుగు కోసేసి, గోడగడియారాలకి వాడే చెక్క సుత్తితో కొట్టి జాయింటు విడదీశాను. మామగారూ, లోపల ఎంత అందంగా ఉందండీ! గిన్నెలాంటి కప్పు, దాంట్లో చిన్న పంజరం, పంజరంలో ఆరు గుండ్లు. చప్పుడు ఆరుసార్లు ఎందుకొస్తోందో అప్పుడు అర్థమై నాకు ఒళ్ళు జలదరించింది. గుండ్లని ఒకటి నుంచి ఆరుదాకా అంకెలేసి ఆరు గాజు గిన్నెల్లో పెట్టాను. ఏ గుండు ఏ గదిలోదో బొమ్మ గీసుకున్నాను. మా పనిలో ఏది ఎక్కణ్ణుంచి తీశామో అక్కడికే వెళ్ళాలి.

భూతద్దంలో చూస్తే గుండ్లు దొర్లే దారులు గుంటలు పడి ఉన్నాయి. కొత్త జాయింటు కావాలి. ఇంత పాత కారుకి ఇక్కడ దొరకదట. ఎలా?

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. నూనె పడ్డప్పుడు నోరు తెరిచి ఉన్నాను. రుచి బాగాలేదు.

(ఎర్ర సిరాతో: గాజు గిన్నెలు నావి. — మీ అమ్మాయి)


8వ తేదీ

నూనె తాగిన అల్లుడికి,
మామ ఆశీస్సులు, ఈసారికి.

నూనె పడటం మంచిదే. చెప్పాలనే అనుకున్నాను, కానీ చెబితే నేర్చుకోరు, పడితే నేర్చుకుంటారు. నా పద్ధతి అది.

కొత్త జాయింటు సంగతి నాకొదిలెయ్యి. ఆ సామాను ఇక్కడ మా పాత గ్యారేజీ స్టోరులో మాత్రమే ఉంటుంది. ఎడమ గోడ, మూడో అర, కిటికీ వైపు నుంచి ఏడో గడి, నీలం మూత అట్టపెట్టె. కళ్ళకి గంతలు కట్టినా తీసుకొస్తాను. పెట్టె మీద నంబరు కూడా చెప్పమంటావా? వద్దులే, నీకు దిష్టి తగులుతుంది.

కానీ గ్యారేజీకి రెండు కట్టుబాట్లున్నాయి. ఒకటి, పాత సామాను కిటికీ ఇవతల పెడితేనే కొత్తది కిటికీ అవతలకి వెళ్తుంది. ముఖ్యమంత్రి కారైనా సరే. రెండు, ఆ కారుకి నా కన్ను పడకుండా ఏ సామానూ బిగించకూడదు. కొత్తదైనా సరే, ముందు నా దగ్గరికి రావాలి, నేను చూసి ఊఁ అనాలి. ఈ రెండిట్లో ఏది తప్పినా నేనొప్పుకోను.

ఇట్లు,
మూడో అర తెలిసిన మామ

తా.క. గుండ్లకి అంకెలేశావని మీ అత్తకి చెబితే, "పేర్లు కూడా పెట్టాడా?" అని అడిగింది. ఏం చెప్పమంటావు?


11వ తేదీ

కట్టుబాట్ల మామగారికి,
చేతులు కడుక్కుని మీ అల్లుడు రాస్తున్నది.

మీరు చెప్పినట్టే జాయింటు లారీ పార్సిల్లో పంపాను. చూసి చెప్పండి.

నల్లగా జిడ్డోడుతున్న సామాను మామగారి చేతిలో పెట్టడం మర్యాద కాదనిపించింది. మా దుకాణంలో ఏ గడియారమూ మురికితో బయటికి వెళ్ళదు. కిరసనాయిల్లో ఒక రోజు నానబెట్టి, కుచ్చుతో తోమి, వాచీ కేసులకి మెరుగుపెట్టే ముద్ద రాసి, మెత్తటి తోలుతో రుద్దాను. గుండ్లు ఒక్కొక్కటీ విడిగా. గ్రీజు అన్నది మచ్చుకి కూడా లేకుండా తుడిచి, ఆరు గుండ్ల మీదా సూది మొనతో తలా చుక్క గడియారం నూనె వేశాను. నానబెట్టడంతో కలిపి తోమడానికి మూడు రోజులు పట్టింది. దుకాణంలో నాలుగు గడియారాలు ఆగిపోయి ఉన్నాయి, వాటి ఓనర్లు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నారు.

కొత్తది త్వరగా పంపండి. కారు అయిదు రోజులుగా స్టాండ్ల మీద ఒంటికాలి కొంగలా ఉంది.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. పేర్లు పెట్టలేదు. మూడో గుండు అంటే మాత్రం నాకు కొంచెం ఇష్టం.

(ఎర్ర సిరాతో: పైన 'కుచ్చు' అని రాసింది నా పళ్ళ బ్రష్షు. — మీ అమ్మాయి)


14వ తేదీ

అల్లుడికి,
మామ మనస్ఫూర్తిగా ఆశీర్వదించి రాసేది.

పార్సిలు విప్పాను. జాయింటు చూశాను. బల్ల మీద పెట్టి చుట్టూ తిరిగి చూశాను. అల్లుడూ, నా ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని కొత్త సామాన్లు చూసి ఉంటానో నాకే తెలియదు. ఇంత బాగున్నది చూడలేదు. దాంట్లో నా మొహం కనబడింది, మీసం దువ్వుకున్నాను.

గ్రీజు తుడిచేసి చుక్కలు వెయ్యడం మాత్రం బుద్ధితక్కువ పని. గ్రీజు పిడికెడు పెట్టాలి. కూరతావో కుక్కుతావో నీ ఇష్టం. అందుకే నా దగ్గరున్న గ్రీజు పొట్లం, కొత్త రబ్బరు తొడుగు, బిగించే పట్టీలు అన్నీ జాయింటుతో పాటు నీలం మూత పెట్టెలో సర్ది, నంబరు ముద్ర వేసి, నాలుగు మూలలా పిన్నులు కొట్టి పంపుతున్నాను. సామాను పెట్టెలో పెట్టడం కూడా ఒక కళ. అది అందరికీ రాదు.

ఆలస్యం చెయ్యకు. వెంటనే బిగించు. నేను ఊఁ అన్నట్టే.

ఇట్లు,
సంతోషంగా ఉన్న మామ

తా.క. బిగించేటప్పుడు కూడా బ్రేకు తొక్కాలి. పైన రాసిన పద్ధతే. మేకు పీకెయ్యలేదు కదా?


17వ తేదీ

దయామయులైన మామగారికి,
మీ అల్లుడు గ్రీజు చేతుల్తోనే రాస్తున్నది. కాగితం మీది వేలిముద్రలు క్షమించండి.

పెట్టె అందింది. పిన్నులు తీసి మూత ఎత్తితే లోపల కొత్త జాయింటు ధగధగా మెరిసింది. నేను పాతదాన్ని మూడు రోజులు తోమి మురిసిపోయాను గానీ, కొత్తది కొత్తదే.

గ్రీజు పిడికెడు కూరాను. నా జీవితంలో ఇంత గ్రీజు ఎప్పుడూ చూడలేదు. ఒక గోడగడియారానికి మనిషి ఆయుష్షంతా వేసినా ఇందులో సగం అవ్వదు. తొడుగు వేసి, పట్టీలు బిగించి, షాఫ్టు గేరుపెట్టెలోకి తోసి, కింద పళ్ళెం పెట్టుకుని మరీ, కారిన నూనె మళ్ళీ నింపి, మీ అమ్మాయి మేకు కేసి చూస్తూ బ్రేకు తొక్కుతుండగా పెద్ద నట్టు బిగించాను. కింద ఇంకెవరి సాయమూ లేకుండా. వీధిలోకి తీశాను. మొదటి మలుపు కుడివైపు తిప్పాను.

కటకట.

అదే చప్పుడు. అవే ఆరు. వీధి చివర కారు ఆపి స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చుండిపోయాను. ఏడుపొచ్చిందంటే నమ్ముతారా? పదకొండేళ్ళుగా మీరు నన్ను ట్వీజర్లనే పిలుస్తున్నారు. ఈ ఒక్క పని సవ్యంగా చేసి మీ చేత శభాష్ అనిపించుకోవాలనుకున్నాను. అంతకన్నా ముందు అత్తగారి ఆపరేషన్. ఆవిణ్ణి తీసుకురావడానికి ఇంకా పది రోజులుంది. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. వీధి చివర టాక్సీ స్టాండు వాళ్ళు చప్పుడు విని, దేనితో చేశావని అడిగారు. చేతులతో అన్నాను. ఒకాయన లేచి నిలబడి నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.


19వ తేదీ

అల్లుడికి,
మామ రాసేది.

సామాను మంచిదే, నేను చూశాను కదా. కాబట్టి తప్పు సామానుది కాదు. కింద రాసినవి చూసుకో.

మీ వీధి మలుపే వంకరగా ఉందేమో. రెండో వైపు నుంచి తిరిగి చూడు. గ్రీజు పిడికెడు అన్నాను, నీ పిడికిలి చిన్నది. ఇంకో సగం కూరు. కొత్త సామాను కొన్నాళ్ళు అలిగి చప్పుడు చేస్తుంది, పలకరించకు. అన్నిటికంటే ముఖ్యం, బ్రేకు. మా అమ్మాయి మడమతో తొక్కి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ దానికి ఆ అలవాటుంది, సైకిల్ కూడా మడమతోనే తొక్కేది.

ఇవన్నీ చూశాక కూడా చప్పుడొస్తే, రేడియో పెట్టు.

ఇట్లు,
మామ

తా.క. మీ అత్త సంచీ సర్దేసింది. సర్దింది నా బట్టలు. కనబడక. తనవే అనుకుంటోంది, నేనేమీ అనలేదు. పొద్దున్న లేచి "ఇంకా ఎనిమిది రోజులే" అంది. నాకు రాత్రి నిద్ర పట్టలేదు, అల్లుడూ. అది మాత్రం నిజం.


22వ తేదీ

పరమ గురువులైన మామగారికి,
మీ పాదాలు ఎక్కడున్నాయో అటు తిరిగి మీ అల్లుడు రాస్తున్నది.

నాకంతా అర్థమైంది. నేనెంత మూర్ఖుణ్ణి!

వీధి రెండో వైపు నుంచి తిరిగాను, రేడియో పెట్టాను, మీ అమ్మాయి మడమకి చిత్తుకాగితం కట్టాను. చప్పుడు పోలేదు. నిన్న మళ్ళీ అంతా విప్పాను. గ్రీజు తుడిచి భూతద్దం పెట్టి కప్పు లోపల చూశాను. అంచు కింద సన్నటి గీతలతో చిన్న గడియారం ముల్లు బొమ్మ, పక్కన తేదీ.

మా గడియారాలవాళ్ళకి ఒక అలవాటుంది. ఏ గడియారం విప్పినా మూత లోపలివైపు, ఇంకెవరికీ కనబడనంత చిన్నగా, సూదితో మా గుర్తు గీస్తాం. మళ్ళీ ఎప్పుడైనా అది మా చేతికొస్తే మనం ముట్టుకున్నదే అని తెలియడానికి. ఆ ముల్లు నా గుర్తు. ఆ తేదీ ఈ నెల పది. నేను మీకు పంపిన పాత జాయింటునే మీరు కొత్త పెట్టెలో పెట్టి నాకు తిప్పి పంపారు!

మొదట ఒక్క క్షణం బుర్ర పనిచెయ్యలేదు. తరవాత వెలిగింది. గ్యారేజీలో ముప్పై నాలుగేళ్ళున్న మనిషికి పాత సామానుకీ కొత్త సామానుకీ తేడా తెలియకపోవడమా? అసంభవం. ఇది పరీక్ష. మెరుపు చూసి మోసపోతానా, లేక చేత్తో చూసి కనిపెడతానా అని నన్ను పరీక్షించారు. బ్రేకు గురించి రెండు పేజీలు రాసి, అసలు పని గురించి ఒక్క ముక్క చెప్పకపోవడం కూడా అందుకే. నూనె నా నోట్లో పడనివ్వడం అందుకే. "చెబితే నేర్చుకోరు" అని మీరే రాశారు. ఇలాంటి గురువు ఎవరికి దొరుకుతాడు?

ఈ సంగతి టాక్సీ స్టాండులో చెప్పాను. డ్రైవర్లు ముక్కున వేలేసుకున్నారు. అత్తగారి ఆపరేషన్‌కి మీరూ వస్తారు కదా, ఆ తరవాతి ఆదివారం పొద్దున్న వాళ్ళందరి ముందూ మీరు స్వయంగా ఒక షాఫ్టు ఊడదీసి మళ్ళీ బిగించి చూపిస్తారని మాటిచ్చాను. పద్నాలుగు మంది వస్తున్నారు. కుర్చీలు మాట్లాడాం.

అసలైన కొత్తది మీ దగ్గర సిద్ధంగానే ఉండి ఉంటుంది. దయచేసి ఇప్పుడు పంపించండి. ఇంక అయిదు రోజులే ఉంది.

ఇట్లు,
పరీక్ష పాసైన మీ శిష్యుడు

తా.క. ఒకాయన తన కారే తెస్తానన్నాడు, మీరు విప్పడానికి. రెండు షాఫ్టులూ పోయాయట.

(ఎర్ర సిరాతో: నాన్నా, ఇది వెటకారం అనుకునేవు. కాదు. ఈయన నిజంగానే నమ్ముతున్నారు. అదే నాకు భయంగా ఉంది. — మీ అమ్మాయి)


24వ తేదీ

అల్లుడికి,
తల దించుకుని మామ రాసేది.

ముందు కుర్చీలవాళ్ళకి వద్దని చెప్పు.

పరీక్షా లేదు, పాడూ లేదు. నీ పార్సిలు విప్పితే తళతళలాడే జాయింటు కనబడింది. ఎక్కడో కొత్తది సంపాదించి, కట్టుబాటు ప్రకారం నా కన్ను పడాలని పంపావనుకున్నాను. శుభ్రం చేశానని నువ్వు రాస్తే, కొత్త సామాను మీద ఫ్యాక్టరీ వాళ్ళు పూసే జిడ్డు తుడిచావు కాబోలు అనుకున్నాను. కొత్తది త్వరగా పంపమంటే, చూసి దాన్నే తిప్పి పంపమంటున్నావనుకున్నాను. చూశాను, మీసం దువ్వాను, పెట్టెలో పెట్టి పంపాను. నాకు తేడా తెలియలేదు. ఎందుకంటే నేను మెకానిక్‌ని కాదు.

గ్యారేజీలో ముప్పై నాలుగేళ్ళున్న మాట నిజం. స్టోరు కిటికీ వెనక. పాత సామాను నల్లగా, జిడ్డుగా ఇవతలికి వచ్చేది, దాన్ని డబ్బాలో పడేసేవాణ్ణి. కొత్తది మెరుస్తూ పెట్టెలో అవతలకి వెళ్ళేది. నల్లగా ఉంటే పాతది, మెరిస్తే కొత్తది. ముప్పై నాలుగేళ్ళలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు, నువ్వు తగిలేదాకా.

మీ ఆవిడకి అయిదేళ్ళున్నప్పుడు ఒకరోజు నా ఒళ్ళో కూర్చుని, "నాన్నా, కార్లన్నీ నువ్వే బాగుచేస్తావా?" అని అడిగింది. దాని మొహం చూసి ఆఁ అన్నాను. ఒక్క 'ఆఁ', అంతే. మర్నాడు వీధంతా చెప్పేసింది. అప్పట్నుంచి దాన్ని గ్యారేజీ గేటు దాటి రానివ్వలేదు, లోపల ప్రమాదమని చెప్పి. తరవాత నువ్వొచ్చావు. ఆగిన గడియారం చెవి దగ్గర పెట్టుకుని జబ్బేమిటో చెప్పేసేవాడివి. నీ చేతులు పనిచేసే చేతులు, నావి పెట్టెలు అందించిన చేతులు. కుళ్ళుకున్నాను. అందుకే పదకొండేళ్ళు ట్వీజర్లని వెక్కిరించాను. అది తప్పు. నూనె సంగతి కూడా చెప్పాలనుకోలేదు, నాకే తెలియదు.

మరి ఇరవై ఆరేళ్ళు ఆ కారుని ఎవరు చూశారంటావా? మా పొట్టి మేస్త్రి. ఆదివారాలు మా ఇంటికొచ్చి కింద పడుకునేవాడు. నన్ను పైన కూర్చోబెట్టి "తొక్కు" అనేవాడు. తొక్కేవాణ్ణి. బ్రేకు గురించి నేను రాసింది మాత్రం అక్షరం అక్షరం నిజం. అందులో నన్ను మించినవాడు లేడు.

నీ ఉత్తరం పట్టుకుని నిన్న వాడి ఇంటికి పరిగెత్తాను. వాడు చదివి పడీ పడీ నవ్వాడు. తరవాత కళ్ళు తుడుచుకుని, "మీ అల్లుడు మొదటిసారే, అదీ ఒంటరిగా షాఫ్టు తీసి, బిగించి, మళ్ళీ తీశాడా? నాకు మొదటిది బిగించడానికి ఇద్దరు మనుషులు కావాల్సొచ్చింది" అన్నాడు. నాతో వచ్చి, పాతది తరవాత తెచ్చిస్తామని హామీ ఇచ్చి, మూడో అర, ఏడో గడిలోంచి అసలైన కొత్తది తీయించి, రెండు చేతుల్తో పట్టుకుని ఊపి, కొత్తది బిగువుగా ఎలా ఉంటుందో చూపించాడు. మొదటిసారి నేనూ ఊపి చూశాను.

రేపు పొద్దున్న బస్సులో వస్తున్నాను. జాయింటు ఒళ్ళో పెట్టుకునే వస్తాను. నువ్వు కింద పడుకో. నేను పైన కూర్చుంటాను. నువ్వు తొక్కమంటే తొక్కుతాను, వదలమంటే వదులుతాను. ఇరవై ఏడున ఇద్దరం కలిసి కార్లో వచ్చి మీ అత్తని తీసుకెళదాం.

శభాష్ అల్లుడూ. నోటితో అనడం నాకు రాదు, అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ఇట్లు,
స్టోరు కిటికీ మామ

తా.క. మా అమ్మాయి ఎలాగూ ఇది చదివే ఇస్తుంది. అమ్మా, ఎన్ని మార్కులైనా వేసుకో.

తా.క. తరవాత ఇంకో తా.క. బాబూ, ఇది మీ అత్తగారు. అక్షరాలు పెద్దవీ వంకరవీ, సర్దుకుని చదువుకోండి. నిన్న ఆయన నన్ను కూర్చోబెట్టి, తలుపు గడియపెట్టి, తాను మెకానిక్‌ని కాదని చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేను నిర్ఘాంతపోయినట్టు నటించాను. పెళ్ళయిన వారం నుంచీ ఆయన చొక్కాలు ఉతుకుతున్నదాన్ని. జేబు దగ్గర సిరా మరక తప్ప, ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్క గ్రీజు మరక చూడలేదు. నాకు కన్ను మసకబారింది మొన్న మొన్ననే కదా. రేపు ఆయనకి కొత్త తెల్ల చొక్కా వేసి పంపుతున్నాను. ఆయన్ని పైన కూర్చోబెట్టకండి, మీతో పాటు కిందే పడుకోబెట్టండి. వెనక్కి వచ్చేటప్పుడు ఆ చొక్కా మీద మంచి మరక ఒకటి ఉండేలా చూడండి. ఉతికినా పోకపోతే ఇంకా మంచిది.